గ్యాసు పైకే పోతుంది

ఇప్పలరేవు, జగిత్యాల తాలూకా
8–2–1964

మొండన్నకు తమ్ముడు ఇస్తారి దండాలు.

నేను, సమ్మవ్వ, అవ్వ మంచిగున్నం. అవ్వ మోకాళ్లు పట్టేసినయంటది గని గడ్డ దిగుడు ఎక్కుడు మానలే. నువ్వు సర్దార్ పరీక్ష పాసైనవని అంతయ్య కాక మందమర్రి నుంచి వచ్చి చెప్పిండు. గనిల దీపం పట్టుకొని అందరికంటె ముంగట నువ్వే పోతవట, గ్యాసు లేదని నువ్వు చెప్పినంకనే కూలోళ్లు లోపటికి అడుగు పెడతరట. అవ్వ గా మాట ఇని పడవ ఎక్కినోళ్లందరికీ చెప్పుకుంట కూసున్నది. సగం మందికి నువ్వు పోలీసుల జమాదార్ అయినవని సమజైంది.

ఇగ అసలు సంగతి. ఉగాదికి ముందే మన రేవు వేలం ఉన్నది. గీసారి సమితోళ్లు కొత్త షరతు పెట్టిండ్రు. రేవు పట్టేటోని పడవకు ఇంజను ఉండాలెనట, పొద్దుమూకినంక రేవుకాడ కరెంటు బుగ్గ ఎలగాలెనట. తాతలనాటి సంది మనం తెరచాపతోని, గడతోని దాటిస్తున్నం, ఎవడన్న మునిగిండా? గని ఎవనికి చెప్తవ్. అవతలి ఒడ్డు అంబదాస్ ఇప్పటికే ఇంజను పడవ తెచ్చి కూసున్నడు. మనం చెయ్యకపోతే రేవు వానిదే అయితది.

జమ్మికుంటల పత్తి మిల్లోళ్ల పాత ఇంజను ఒకటి దొరికింది. పెట్రోలుతోని మొదలువెడితే దీపాలల్ల పోసే గాసునూనెతోని నడుస్తది. జగిత్యాల మిస్త్రి కొండల్ బిగిస్తనన్నడు. చాప మాత్రం తియ్య. గాలున్ననాడు చాప, లేనినాడు ఇంజను.

నాకు రెండు తెల్వవు. పటేలు పంపు కాడ కరెంటు స్తంభం ఉన్నది, అక్కడినుంచి ఒడ్డుకు కట్టేసిన పడవ దాక తీగ ఎట్ల తేవాలె? రెండోది, నూనె ఎక్కడ దాచాలె? పెట్రోలుకు జగిత్యాల పోవాలె గనుక పదిహేను రోజులది ఒక్కపారే తెచ్చుకోవాలె. మనది గడ్డి ఇల్లు, పక్కకే పొయ్యి. ఇంట్ల పెట్టుకుంటే అందరం బుగ్గి అయితమని అవ్వ లొల్లి. పడవ వెనక గూడుల పెట్టుకుందామని నేనంటున్న. నీ మరదలు సమ్మవ్వ ఏమన్నదంటే, "బావ గనిల గ్యాసును పట్టేటోడాయె, గీ రెండు డబ్బాల సంగతి చెప్పడా, రాసి అడుగు" అన్నది.

నువ్వు పుస్తకం లెక్క రాస్తవు, నాకు నోటికొచ్చినట్టే రాసుడు వస్తది. నవ్వకు. జల్ది జవాబియ్యి.

నీ తమ్ముడు
ఇస్తారి

*

మందమర్రి, ఆదిలాబాద్ జిల్లా
20–2–1964

చిరంజీవి ఇస్తారికి అన్న మొండయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉత్తరం అందింది. ఇక్కడ నేను, మీ వదిన మల్లక్క, పిల్లలు కుశలం. రేవు మన చేయి దాటిపోకూడదు. బాపు బతికి ఉంటే ఇంజను మాట వినగానే గడ తీసుకుని వెంటపడేవాడు కానీ, కాలం మారింది. నువ్వు చేస్తున్నది సరైన పని.

తీగ సంగతి చెబుతాను. స్తంభం నుంచి ఒడ్డు దాకా వెదురు గుంజల మీద తీసుకురా, మనిషి చెయ్యి అందని ఎత్తులో ఉండాలి. ఒడ్డు నుంచి పడవకు రబ్బరు తొడుగు ఉన్న మెత్తని తీగ వెయ్యి. నది పెరుగుతుంది, తగ్గుతుంది, పడవ కదులుతుంది, కాబట్టి తీగ బిగుతుగా ఉండకూడదు, నీళ్లలో అతుకు ఉండకూడదు. చివర ప్లగ్గు పెట్టించు. పడవ కదిలే ముందు పీకాలి, వచ్చి కట్టేశాక పెట్టాలి. బుగ్గ తెరచాప కొయ్యకు కట్టు, రేవంతా వెలుగుతుంది.

నూనె విషయం నాకు వదిలెయ్. అది నా రోజువారీ పని. మీరు గాసునూనె అంటారు, మేము గ్యాసు అంటాము. మాట ఒకటే, రెండూ ఒకే జాతి. అంటుకునేది నూనె కాదు, దాని మీద లేచే ఆవిరి. గనిలో గ్యాసు బొగ్గులోంచి ఊరి పైకప్పుకు చేరుతుంది. అందుకే మేము దీపాన్ని కప్పు దాకా ఎత్తి మంట చూస్తాము. గ్యాసు ఎప్పుడూ పైకే పోతుంది. ఈ ఒక్క మాట పట్టుకో, మిగతాదంతా సులువు.

గూడు కప్పు కింద జానెడు కిటికీ కోయించు. ఆవిరి అటు నుంచి వెళ్లిపోతుంది. డబ్బాలు అట్టడుగున పలకల మీద పెట్టు. గూడు కింది వైపు గాలి చొరబడే సందులన్నీ తారు పూసి మూయించు, లేకుంటే ఆవిరి పైకి పోకుండా లోపలే కలయదిరుగుతుంది. ప్లగ్గు పెట్టే డబ్బా గూడులోనే, వాన తగలని చోట, నేలకు జానెడు ఎత్తులో బిగించు. ప్లగ్గు పెట్టేటప్పుడు చిన్న రవ్వ లేస్తుంది. గ్యాసు పైన ఉంటుంది, రవ్వ కింద ఉంటుంది, రెండూ కలవవు.

కొండల్ వేరేగా చెబితే వినకు. అతనికి ఇంజను తెలుసు, గ్యాసు తెలియదు. అవ్వకు నా నమస్కారాలు. నేను పోలీసు జమాదార్‌ని కాదని కూడా చెప్పు.

ఇట్లు
మొండయ్య, సర్దార్

*

ఇప్పలరేవు
2–5–1964

మొండన్నకు ఇస్తారి దండాలు.

రేవు మనకే వచ్చింది! అంబదాస్ మొఖం చూడాలె నువ్వు. సమితి ఆఫీసర్ వచ్చి పడవ ఎక్కి, ఇంజను చూసి, బుగ్గ ముట్టిచ్చి చూసి "శభాష్" అన్నడు. గా దినం మన ఊరు, అవతలి ఊరు, రెండూళ్లోళ్లు ఒడ్డు మీద జాతర లెక్క కూసున్నరు. ముసలి కిష్టవ్వ అయితే బుగ్గకు దండం పెట్టింది.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసిన. కింద సందులు నేనే తారు పూసి మూసిన. కిటికీ కోసిన. ప్లగ్గు పెట్టే పిన్ను డబ్బా జానెడు ఎత్తుల బిగిచ్చిన. కొండల్ "కిందెందుకు, మీద పెట్టు" అన్నడు. మా అన్న సర్దార్, నీకేం తెలుసు అన్న. మొఖం చిన్నగ చేసుకొని నువ్వు చెప్పినకాడనే బిగిచ్చిండు.

పిన్ను పెట్టుడు సమ్మవ్వ డ్యూటీ. నేను చివరిపారి జనాన్ని దాటిచ్చి పడవ కట్టేస్తుంటె ఆమె గూడుల దూరి పిన్ను పెడతది. "నేను వంగితెనే గోదారికి ఎలుగు వస్తది" అనుకుంట అందరితోని పరాచికాలాడుతది. ఆరేండ్ల కాపురంల గింత సంబురం నేను చూడలే.

ఒక్కటే జర పరేషాన్. పెట్రోలు డబ్బా మూతల రబ్బరు అరిగింది, జగిత్యాలల దొరకలే. పొద్దుగాల పడవ అడుగు నీళ్లు తోడేటప్పుడు సమ్మవ్వకు వాసన వస్తుందట. "తలకాయ వంచితే గుప్పుమంటది, లేచి నిలవడితే ఏం లేదు. బావ పైకి పోతదని రాసిండు, మరి నా కాళ్లకాడ ఎందుకున్నది? కింద సందులు జర తెరువు, గాలాడుతది" అంటది. నేను ఊకో, అన్న చెప్పంది తెరవద్దన్న. నిన్నడగమని నా పానం తీస్తుంది. రాయి.

నీ తమ్ముడు
ఇస్తారి

*

మందమర్రి
15–5–1964

చిరంజీవి ఇస్తారికి ఆశీస్సులు.

రేవు నిలిచినందుకు సంతోషం. ఇక్కడ మా పై అధికారి ఓవర్‌మాన్‌తో కూడా చెప్పాను, మా తమ్ముడు కరెంటు పడవ నడుపుతున్నాడని.

మరదలికి చెప్పు, గ్యాసును ముక్కుతో పరీక్ష చేయరు. ముక్కుతో అయ్యేదైతే కంపెనీ నాకు దీపం ఎందుకిస్తుంది, పరీక్ష ఎందుకు పెడుతుంది? నీళ్లలో నాలుగు చుక్కలు పడి ఉంటాయి, ఆ వాసన అది. సందులు తెరవద్దు. తెరిస్తే నేను చెప్పిన పద్ధతంతా పాడవుతుంది. ఆడవాళ్లకు భయం ఎక్కువ, చదువు తక్కువ. నువ్వు ఆమె మాట విని చేయి పెట్టకు.

మూత రబ్బరు దొరికినప్పుడు వేయించు. తొందరేమీ లేదు.

ఇట్లు
మొండయ్య, సర్దార్

*

కరీంనగర్, పెద్ద దవాఖాన
8–7–1964

అన్నా,

తార్ ఇచ్చిన, అందిందో లేదో అని గీ కార్డు గూడ ఏస్తున్న.

సోమవారం పొద్దుమూకంగ పడవ కాలిపోయింది. సమ్మవ్వ లోపట ఉండె. మూడు రోజులు ముసురు, పడవ కదల్లే, గూడు తడక మూసే ఉండె. వాన తెరిపియ్యంగనె ఆమె పిన్ను పెట్టవోయింది. నేను ఒడ్డు మీద తాడు కడుతున్న. గూడు డబ్బుమని పగిలింది. నీళ్లల్లకు దుంకి బయటికి గుంజిన గని చీరెంత ఒంటికి అతుక్కపోయింది.

మాట్లాడుతుంది. "నేను పిన్ను పెట్టిన, గంతే. నా చేతుల అగ్గి లేదు" అంటుంది. అదే మాట మల్ల మల్ల అంటుంది. డాక్టర్ నాతోని ఏం చెప్తలేడు, అటు తిరిగి పోతుండు.

ఉన్నపళంగ రా.

ఇస్తారి

*

మందమర్రి
22–7–1964

చిరంజీవి ఇస్తారికి,

మట్టికి వచ్చాను కానీ దినాల దాకా ఉండలేకపోయాను, సెలవు ఇవ్వలేదు. మనసంతా అక్కడే ఉంది. సమ్మవ్వ మంచి మనిషి. ఆయుష్షు అంతే రాసి ఉంది. మనం చేయగలిగింది ఏమీ లేదు. నువ్వు తిండి మానకు, అవ్వను చూసుకో.

ఇంకో మాట. ఫిబ్రవరిలో, మే నెలలో నేను రాసిన ఉత్తరాలు నీ దగ్గర ఉంటే చింపెయ్. వాటిలో ఏముందని కాదు. పంచనామా రాసేవాళ్లు ఇల్లంతా వెతుకుతారు, కాగితం కనపడితే నాలుగు రకాలుగా చదువుతారు. అనవసరంగా ఇంటి మాటలు కచేరికి ఎక్కుతాయి. పొయ్యిలో వేస్తే ఇంకా మంచిది.

ఎవరైనా అడిగితే ప్రమాదం ఎలా జరిగిందో తెలియదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.

ఇట్లు
మొండయ్య

*

ఇప్పలరేవు
6–8–1964

అన్నా,

నీ ఉత్తరాలు చింపలే. చింపుదామని తీసిన. రెండోది చదివిన. మల్ల మడిచి పెట్టిన.

పంచనామా అయింది. పోలీసు అమీన్ వచ్చి కాలిన పడవ చూసిండు, నలుగురిని నిలవెట్టి అడిగిండు. అంబదాస్ మనిషి ఒకడు "ఆమె చుట్ట ముట్టిచ్చింది, నేను అవతలి ఒడ్డు నుంచి చూసిన" అని చెప్పిండు. గోదారి అవతలినుంచి చుట్ట కనపడతదా అన్నా? గని రాసుకున్నరు. "మృతురాలి అజాగ్రత్త" అని కాగితం మీద ఎక్కింది. నాకు చదివి వినిపిచ్చిండ్రు, ఏలు పెట్టమన్నరు. నేను సంతకం చేస్తనన్న, గీ మాట కింద మాత్రం చెయ్య అన్న.

సమ్మవ్వ ఎన్నడన్న పొగ ముట్టిందా? బాపు బీడీ తాగితె కొంగు అడ్డం పెట్టుకునేది. ఇయ్యాల ఊర్ల అందరు చుట్ట తాగి చచ్చింది అంటున్నరు. సమ్మవ్వ తల్లి శంకరవ్వ మెట్‌పల్లి కాడి నుంచి పనిగట్టుకొని నడుసుకుంట వచ్చింది. "నా బిడ్డ గట్లెందుకు చేస్తది, నిజం చెప్పు అల్లుడా" అని నా గదువ పట్టుకున్నది. నేనేం చెప్పాలె?

కొండల్ వచ్చిండు. కాలిన గూడు అంత తిరిగి చూసి నా పక్కన కూసున్నడు. "ఇస్తారీ, నీ అన్న మాట నేను కాదనలేకపోయిన. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. నీళ్ల లెక్క కిందికి పారుతది. నువ్వు కింద సందులు మూసినవ్, అడుగుల నిండుకున్నది. గా నిండినకాడనే పిన్ను డబ్బా పెట్టినం" అన్నడు. వాడు ఏడ్చిండు అన్నా. ఇంజను మిస్త్రి, నా కాళ్లకాడ కూసోని ఏడ్చిండు.

ఇది నిజమేనా? నీకు తెల్వదా? పరీక్ష పాసైనోనికి తెల్వదా?

సెప్టెంబర్ పద్నాలుగు నాడు జగిత్యాల కచేరిల తహసీల్దార్ విచారణ ఉన్నది. అజాగ్రత్త ఖాయమైతే రేవు రద్దు, అంబదాస్‌కు ఇస్తరట. రేవు పోతె పోనియ్యి. పడవే లేనోనికి రేవెందుకు. నాకు కావల్సింది ఒక్కటే, ఆమె తప్పు కాదని గా కాగితం మీద రావాలె. నువ్వు వచ్చి చెప్పు. "నేనే చెప్పిన, తెల్వక చెప్పిన, మరదలు నేను చెప్పినట్టు చేసింది" అను. గంతే. నిన్ను ఉరెయ్యరు గద.

ఇస్తారి

*

మందమర్రి
19–8–1964

చిరంజీవి ఇస్తారికి,

నీ ఉత్తరంలో కోపం ఉంది. ఆ దుఃఖంలో ఉన్నవాడివి, నేను తప్పు పట్టను.

కొండల్ చెప్పింది కావచ్చు, కాకపోవచ్చు. ఇలాంటి విషయాలు పుస్తకాలు చూసి చెప్పాలి. ఒక్క కారణంతో ఏదీ జరగదు. మూత రబ్బరు లేదు, మూడు రోజులు గూడు మూసి ఉంది, ఇవన్నీ నేను చెప్పినవా? నేను దూరం నుంచి నా బుద్ధికి తోచింది రాశాను, కళ్లతో చూసి చేసుకోవాల్సింది మీరు.

నేను తప్పు చెప్పానని కచేరిలో రాసిస్తే ఆ కాగితం కంపెనీకి పోతుంది. గ్యాసు గురించి తెలియని సర్దార్‌ను గనిలోకి ఎవరు పంపుతారు? సర్టిఫికెట్ పోతే మళ్లీ తట్ట ఎత్తాలి. క్వార్టర్ ఖాళీ చేయాలి. నలుగురు పిల్లలు. పోయిన మనిషి ఎలాగూ రాదు, ఉన్నవాళ్ల సంగతి కూడా ఆలోచించు.

అయినా నీ అన్నను. పద్నాలుగున వస్తాను. నాకు తోచినట్టు మాట్లాడతాను. నువ్వు మధ్యలో ఏమీ అనకు.

ఇట్లు
మొండయ్య

*

ఇప్పలరేవు
17–9–1964

శ్రీ మొండయ్య గారికి ఇస్తారి రాయునది.

మీరు విచారణ కాంగనె బస్సెక్కి పోయిండ్రు. తొందర ఉన్నట్టున్నది. తర్వాత ఏమైందో రాస్తున్న.

తహసీల్దార్ మిమ్ములను "సర్దార్ గారూ, మీరు గనిలో గ్యాసు పరీక్ష చేసేవారట, ప్రమాదం ఎట్లా జరిగి ఉంటుంది?" అని అడిగిండు. మీరు కుర్చీల కూసోని మంచి తెలుగుల చెప్పిండ్రు. "పెట్రోలు ఉన్నచోటికి నిప్పు తీసుకెళ్లి ఉంటుంది, అయ్యా. మా మరదలికి చుట్ట అలవాటు ఉండేది. మేము మందలించేవాళ్లము." గా మాట మీ నోట్లెకెల్లి వచ్చినప్పుడు శంకరవ్వ గుమ్మం కాడ నిలవడ్డది. "నా బిడ్డ నోట్లె ఎన్నడన్న పొగ చూసినవా, నీకు అన్నం పెట్టిన చెయ్యి గద అయ్యా" అని అరిచింది. జవాను ఆమెను బయటికి తోలిండు. మీరు వెనకకు తిరిగి చూడలే.

అప్పుడు మీ ఉత్తరాలు రెండు నా అంగి జేబుల ఉన్నయ్. చెయ్యి జేబు దాక పోయింది. అవ్వ నా పక్కన కూసున్నది. నా చెయ్యి పట్టుకున్నది, గట్టిగ. "వానికి నలుగురు పిల్లలురా" అన్నది చెవుల. నేను జేబుకాడి నుంచి చెయ్యి తీసుకున్న. తహసీల్దార్ "నువ్వేమన్న చెప్పేదున్నదా" అని అడిగితె లేదన్న.

మీరు నోరు తెరిచి చెప్పిండ్రు, నేను నోరు మూసుకొని చెప్పిన. ఇద్దరం ఒక్కటే మాట చెప్పినం. గందుకే మిమ్ములను ఒక్కళ్లనే అనే హక్కు నాకు లేదు. గని అన్నా అని పిలువనీకి నోరు వస్తలేదు.

రేవు అంబదాస్‌కు రాసిచ్చిండ్రు. కాలిన పడవను వాడే ఒడ్డుకు గుంజించిండు, అడ్డమున్నదని.

ఇస్తారి

*

మందమర్రి
2–10–1964

తమ్మీ,

నన్ను గారు అనకు. తిట్టు, గని గారు అనకు.

ఇగ పుస్తకం లెక్క రాయనీకి చెయ్యి రావట్లే. నిజం చెప్త, ఇను. కొండల్ చెప్పింది నిజం. వాడు చెప్పకముందె నాకు తెలుసు. నీ తార్ చదివిన నాడే తెలిసింది. గనిల గూడ కిందికి పారే గాలి ఒకటి ఉంటది, నల్లగాలి అంటం. పాత బొందలల్ల మోకాళ్ల దాక నిండి ఉంటది, మనిషి వంగితె లేవడు. సర్దార్ పరీక్షల నాకు గదే ప్రశ్న వచ్చింది, ఏ గాలి పైకి పోతది, ఏ గాలి కిందికి పోతది అని. జవాబు కరెక్ట్ చెప్పిన. సాబు నా భుజం తట్టిండు. గని నువ్వు రాసిన గాసునూనె అన్న మాట చూడంగనె నాకు గ్యాసు అన్నదే కండ్ల పడ్డది. ఇంకోటి ఆలోచన చెయ్యలే. తెలిసినోణ్ణి అని చూపియ్యాలె, గంతే. మరదలు కాళ్లకాడ వాసన అన్నప్పుడన్న ఆగాలె. ఆగితె, చదువులేనిది నన్ను దిద్దినట్టయితదని రోషం వచ్చింది.

జగిత్యాల బస్సుల వచ్చేటప్పుడు నిజమే చెప్దామనుకున్న. దేవుని మీద ఒట్టు. లోపటికి రాంగనె తహసీల్దార్ "సర్దార్ గారూ కూర్చోండి" అని కుర్చీ ఏయించిండు. తమ్మీ, గా కచేరిల మన బాపు గడప అవతల నిలవడి రేవు పట్టా అడిగిండు, చెప్పులు చేతుల పట్టుకొని. నాకు కుర్చీ ఏసిండ్రు. గా కుర్చీల కూసున్నంక నిజం నోట్లెకు రాలే. ఇంత కంటె ఏం కారణం లేదు. పిల్లలు, క్వార్టర్, అన్ని నేను అప్పటికప్పుడు అల్లుకున్నయ్.

ఇప్పుడు కప్పుకు దీపం ఎత్తి, మల్ల వంగి నేల దాక దించి చూస్తున్న. వెనక కూలోళ్లు చూస్తుండ్రు. మల్లక్క అడుగుతుంది ఏమైందని, చెప్పలే.

నువ్వు ఇక్కడికి రా. నీకు గనిల పని మాట్లాడిన, పైన బొగ్గు తొట్లు గుంజే గిర్నీ కాడ, లోపటికి పోయే అవసరం లేదు. అవ్వను తీసుకొని రా. అందరం ఒక్కకాడ ఉందం. జరిగింది జరిగిపోయింది, గా కాగితాలు పొయ్యిల ఏసి రా. గిది ఒక్కటి నాకోసం చెయ్యి.

నీ అన్న
మొండయ్య

*

ఇప్పలరేవు
13–10–1964

శ్రీ మొండయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. గిర్నీ కాడి పని నాకొద్దు.

మీ ఉత్తరం అందిన తెల్లారి నేను శంకరవ్వ ఇంటికి పోయిన. నన్ను చూసి ఆమె లోపటికి పోయింది. వాకిట్లె కూసున్న. పొద్దెక్కినంక చెంబెడు నీళ్లు తెచ్చి నా ముంగట పెట్టింది. నీళ్లు తాగి మీ ఉత్తరాలు మూడు తీసి చదివిన. ఫిబ్రవరిది, మే నెలది, మొన్నటిది. పక్కింటోళ్లు, వాళ్ల కులపోళ్లు, అందరు గోడ పొంటి నిలవడి ఇన్నరు. మే నెలది అయినంక శంకరవ్వ "మల్ల చదువు" అన్నది. మల్ల చదివిన. "ఆడవాళ్లకు భయం ఎక్కువ, చదువు తక్కువ" అన్నకాడ ఆమె తలకాయ ఊపింది.

అంత అయినంక నన్ను అడిగింది. "గాయిన మందమర్రిల ఉన్నడు, వాసన చూడలే. నువ్వు పక్కకే ఉన్నవ్ గదా బిడ్డా. నా బిడ్డ కాళ్లకాడ వాసన వస్తుందన్న నాడు నువ్వు వంగి చూసినవా?"

నేను వంగి చూడలే. అన్న రాసిండు గద, ఊకో అన్న. గా మాటనే ఆమెకు చెప్పిన. శంకరవ్వ చెంబు తీసుకొని లోపటికి పోయింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన, గీ కాగితాలు జగిత్యాల కచేరిల ఇస్తనని. గా దినం జేబుల పెట్టుకొని నోరు మూసుకున్న సంగతి గూడ చెప్తనని. అవ్వ ఏడ్చింది. "పెద్దోని ఉద్యోగం పోతది, జైలుకు పంపుతరో ఏమో, ఉన్న ఇద్దరు కొడుకులల్ల ఒకణ్ణి పోగొట్టుకోమంటవారా" అన్నది. అన్నం తినకుంట పడుకున్న.

ఇయ్యాల పొద్దుగాల లేచి చూస్తె అవ్వ తానం చేసి, ఉతికిన చీరె కట్టుకొని గడప మీద కూసున్నది. ఎక్కడికవ్వా అన్న. "నీతోనే" అన్నది. "గా ఉత్తరాలు వచ్చిన నాడు నువ్వు నాకు చదివి వినిపియ్యలేదా? కాగితం దొంగదంటె ఏం చేస్తవ్? నేను ఇన్న అని చెప్త. నా పెద్దకొడుకే రాసిండని చెప్త. గా పిల్ల నాకు ఆరేండ్లు నీళ్లు తోడి పోసింది" అన్నది.

తొమ్మిదింటి బస్సుకు ఇద్దరం పోతున్నం. గీ ఉత్తరం బస్టాండు కాడి డబ్బాల ఏస్త. మీకు అందేటాలకు అవ్వ తహసీల్దార్ ముంగట చెప్పి ఉంటది. జవాబు రాయకుండ్రి.

ఇస్తారి